విస్తరిలో వగరునకు చోటు

షడ్రసములలో అయిదింటికి మన వంటిండ్లు పెద్దపీట వేసినవి. తీపికి పండుగలు కలవు. పులుపునకు చింతచెట్టు కలదు. ఉప్పునకు ఊరగాయ జాడీ కలదు. కారమునకు నందిగామ, జగ్గయ్యపేట, వీరులపాడు ప్రాంతముల నల్లరేగడి చేల నడుమ ఎర్రగా పరచుకొను మిరప కల్లములే కలవు. చేదునకు సైతము కాకరకాయ వేపుడు రూపమున కొంత గౌరవము దక్కినది. వగరునకు మాత్రము, ఉగాది పచ్చడిలోని మామిడి పిందె ముక్కను మినహాయించినచో, సంవత్సరము పొడవునను పిలిచి పీట వేయువారు లేరు. పైపెచ్చు, అది ఎచ్చట కనబడినను ఒలిచి పారవేయుటయే నాగరికత యని భావించుచున్నాము. వేచిన వేరుశనగ గుళ్లను అరచేతుల నడుమ నలిపి, ఎర్రని పొరను ఉఫ్ఫని ఊదివేసి, తెల్లని పప్పును మాత్రమే తినుచున్నాము. కందులను మరపట్టించి పొట్టును గేదెలకు పెట్టి, మెరుగుపెట్టిన పప్పును మనము వండుకొనుచున్నాము. ఆపిల్ తొక్క తీసి ముక్కలు కోసి పెట్టుట అతిథిమర్యాద యనుకొనుచున్నాము. టీలోని వగరు నాలుకకు తెలియకుండ చిక్కని పాలను, రెండు చెంచాల పంచదారను పోయుచున్నాము.

ఇట్లు పారవేయబడుచున్న దానిలో ఫ్లేవనాలులని శాస్త్రజ్ఞులు పేర్కొను పదార్థముల కుటుంబమొకటి కలదు. రక్తనాళముల ఆరోగ్యమునకు వీనితో కొంత సంబంధమున్నదని గడచిన మూడు దశాబ్దుల పరిశోధనలు సూచించుచున్నవి. ఎంత సంబంధము, ఎట్టి సంబంధము, దానిని నమ్ముకొని సామాన్య గృహస్థుడు తన దినచర్యలో ఏమి మార్చుకొనవచ్చును, ఏమి మార్చుకొనరాదు అను ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ అధ్యాయపు ప్రయోజనము.

నాళపు లోపలి పొర

రక్తనాళమనగానే మనకు గొట్టమో కాలువయో స్ఫురించును. నాగార్జునసాగరు ఎడమ కాలువ చివరి భూములను సాగుచేయు రైతునకు గట్టు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు: పైన ఎంత నీరు వదలినను, దారిలో గట్టు తెగియో పూడిక పేరుకొనియో యున్నచో తన చేనికి తడి అందదు. నాళముల విషయమున ఈ పోలిక కొంతదూరమే నడచును. కాలువ గట్టు నీటి ఒరవడిని గుర్తెరిగి తనంత తాను వెడల్పు కాజాలదు, నాళము కాగలదు. అట్లు కాగలుగుటకు కారణము, దాని లోపలివైపున కేవలము ఒక్క కణము మందమున పరచుకొని యున్న పలుచని పొర. దీనిని ఎండోథీలియం అందురు.

ఈ పొర కేవలము అస్తరు వంటిదని చిరకాలము భావించిరి. 1980లో అమెరికాలోని బ్రూక్లిన్ నగరమున రాబర్ట్ ఫర్చ్‌గాట్ అను శాస్త్రజ్ఞుడు కుందేలు మహాధమని ముక్కలపై చేసిన ప్రయోగము ఆ భావమును తలక్రిందులు చేసినది. ఎసిటైల్ కోలిన్ అను ద్రవ్యమును తగిలించినప్పుడు, లోపలి పొర చెక్కుచెదరక యున్న ముక్క వదులైనది. ఆ పొరను గీకివేసిన ముక్క వదులు కాకపోగా బిగుసుకొన్నది. అనగా, వదులుకమ్మని కండరమునకు ఆనతి ఇచ్చుచున్నది ఆ సన్నని పొరయే యన్నమాట. ఆ ఆనతిని మోసికొని పోవునది నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువని పిమ్మట తేలినది. మన ఆహారములోని మాంసకృత్తుల నుండి లభించు ఆర్జినీన్ అను పదార్థము నుండి ఎండోథీలియం కణములు దీనిని తయారుచేయును. అది క్షణకాలమే జీవించి, ప్రక్కనున్న కండరమును సడలించి, రక్తఫలకికలు గోడకు అంటుకొని గడ్డకట్టకుండ కొంత కావలికాయును. ఈ ఆవిష్కారమునకై 1998లో ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్ అను మువ్వురకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

వయసు పైబడుట, చుట్ట బీడీ సిగరెట్ల పొగ, అదుపు తప్పిన షుగరు, ఎడతెగని రక్తపుపోటు, గంటల తరబడి కదలక కూర్చుండుట, ఇవి యన్నియు ఈ పొరను మొద్దుబారజేయును. నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి తగ్గును. తయారైనది సైతము పని పూర్తిచేయకమునుపే నశించును. నాళము బిరుసెక్కును. గుండెపోటునకును పక్షవాతమునకును దారితీయు సుదీర్ఘ ప్రయాణము, రోగికి ఏ నొప్పియు తెలియని ఈ తొలి మజిలీలోనే మొదలగును. ఈ మొద్దుబారుటను కొలుచుటకు వైద్యులొక తేలికైన విధానము కనిపెట్టిరి: ముంజేతికి పట్టీ బిగించి అయిదు నిమిషములు రక్తప్రసారమును నిలిపి, వదలిన వెంటనే పైచేతి ధమని ఎంత విప్పారినదో అల్ట్రాసౌండు యంత్రముతో చూచెదరు. ఆరోగ్యవంతమైన నాళము ఉత్సాహముగా విప్పారును. అలసినది అంతగా విప్పారదు. ఫ్లేవనాలుల పరీక్షలలో అధికభాగము ఈ కొలతను ఆధారము చేసికొన్నవే.

వగరు ఏల పుట్టినది, ఏమి చేయును

చెట్టు తన గింజను పురుగు తొలవకుండ, బూజు పట్టకుండ, పశువు పచ్చిగానే మేసివేయకుండ కాపాడుకొనుటకై తొక్కలోను, పొట్టులోను, బెరడులోను వగరు పదార్థములను నింపుకొనును. వానిలో కాటెకిన్, ఎపికాటెకిన్ అను చిన్న అణువులును, అవే గొలుసులుగా కూడిన ప్రోసయనిడిన్లును ఫ్లేవనాలుల తరగతికి చెందినవి. ఈ గొలుసులు లాలాజలములోని మాంసకృత్తులను పట్టుకొని ముద్దకట్టించుటచేతనే నాలుక ఎండినట్లు, దవడలు పట్టుకొన్నట్లు అనిపించును. అయితే వగరున్న ప్రతిదియు ఫ్లేవనాలు కాదు. ఉసిరికాయలోని వగరు ముఖ్యముగా మరియొక జాతి టానిన్లది. నేరేడుపండు నాలుకకు పట్టించు ఊదారంగు ఆంథోసయనిన్లది. ఇవి ఫ్లేవనాలులకు దాయాదులే కాని అవే కావు. వగరు మనకు దారిచూపు గుర్తే గాని తూకపురాయి కాదు.

ఎపికాటెకిన్ వంటి చిన్న అణువులు చిన్నప్రేగు నుండి రక్తమున చేరి, తిన్న ఒకటి రెండు గంటలలో గరిష్ఠ స్థాయినందును. దాదాపు అదే సమయమున ధమని విప్పారు శక్తియు పెరుగుటను పరీక్షలలో చూచిరి. పెద్ద గొలుసులు అట్లు రక్తమున చేరజాలక పెద్దప్రేగునకు దిగి, అచ్చటి సూక్ష్మజీవులచేత ముక్కలు చేయబడి, ఆ ముక్కలుగా శరీరమున ప్రవేశించును. 2006లో హాగెన్ ష్రోటర్ మొదలగువారు శుద్ధమైన ఎపికాటెకిన్‌ను మాత్రమే మనుష్యులకిచ్చి చూచి, ఫ్లేవనాలులు దండిగా నున్న కోకో త్రాగినప్పుడు నాళములలో కనబడు మార్పు వంటిదే కలుగుట గమనించిరి. నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తికి ఊతమిచ్చుట, దానిని చెరచు ఉగ్రమైన ఆక్సిజన్ రూపములను తగ్గించుట అను రెండు విధములుగా ఇది పనిచేయునని వారి ఊహ. ఈ ప్రభావము కొన్ని గంటలలోనే తగ్గుముఖము పట్టును గనుక, పండుగనాడు పళ్లెము నిండుగ తిని ఆరు నెలలు మరచిపోవువానికి దీనివలన ప్రయోజనము లేదు. ప్రతిదినము కొంచెముగా తీసికొనువానికే ఇది అక్కరకు వచ్చును.

పరీక్షలు ఏమి తేల్చినవి

ఈ కథకు తొలి ప్రేరణ పనామా దేశపు సముద్రతీర ద్వీపములలో నివసించు కూనా జాతివారినుండి కలిగినది. వయసుతోబాటు రక్తపుపోటు పెరుగుట లోకసహజమని తలచుచుండగా, ఆ ద్వీపవాసులలో వృద్ధులకు సైతము పోటు పెరుగకుండుటను, వారు ఉప్పు తక్కువేమియు తినకుండుటను, వారిలోనే పనామా నగరమునకు వలసపోయినవారికి పోటు పెరుగుటను హార్వర్డ్ విశ్వవిద్యాలయపు నార్మన్ హోలెన్‌బర్గ్ 1997లో ప్రకటించినాడు. ద్వీపవాసులు దినమునకు పలుమార్లు కోకో త్రాగుదురు. నగరవాసులు ఆ అలవాటు మానుకొన్నారు. అయితే నగరమునకు పోయినవాని జీవితమున మారునది కోకో ఒక్కటే కాదు గదా! నడక, నిద్ర, చేపల కూర, మనశ్శాంతి సమస్తమును మారును. కావున ఇట్టి పరిశీలన ప్రశ్నను లేవదీయగలదే కాని తీర్పు చెప్పజాలదు.

తీర్పునకై మరింత కఠినమైన పరీక్ష అవసరమైనది. అమెరికాలో కాస్మాస్ అను పేర జరిగిన పరీక్షలో 60 ఏండ్లు దాటిన పురుషులు, 65 ఏండ్లు దాటిన స్త్రీలు కలిసి 21,442 మంది పాల్గొనిరి. కొందరికి దినమునకు 500 మి.గ్రా. కోకో ఫ్లేవనాలులు గల మాత్రలు, తక్కినవారికి రూపమున అట్టివే యగు ఉత్తుత్తి మాత్రలు, ఎవరికి ఏవి యిచ్చుచున్నదియు తెలియనీయక, సగటున మూడున్నర ఏండ్లకు పైగా ఇచ్చిరి. 2022లో వెలువడిన ఫలితమున, గుండె, రక్తనాళముల జబ్బుల మొత్తము సంఖ్య పదింట ఒకవంతు తగ్గినట్లు కనబడినను, అది కాకతాళీయము కాదని గణితము రూఢిగా చెప్పలేకపోయినది. ఆ జబ్బులవలని మరణములు మాత్రము 27 శాతము తగ్గినవి. పరీక్ష ముఖ్యోద్దేశము మొదటిదే గనుక, రెండవదానిని ఆశాజనకమైన సూచనగా గ్రహింపవలెనే కాని విజయభేరి మ్రోగింపరాదు. మాత్రలను సమకూర్చి సహాయము చేసినది చాకొలెట్ల వ్యాపారము గల మార్స్ సంస్థ యని గూడ పాఠకుడు ఎరిగియుండుట మంచిది.

రక్తపుపోటు సంగతి మరింత స్పష్టము. 2017లో కోక్రేన్ సంస్థవారు అనేక చిన్న పరీక్షలను కూర్చి చూడగా, కోకో వలన పోటు సగటున 2 మిల్లీమీటర్ల లోపు తగ్గినది. ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతమున 25 వేలకు పైబడిన జనుల మూత్రమున ఫ్లేవనాలుల జాడలను కొలిచి 2020లో ప్రకటించిన అధ్యయనమున, అత్యధికముగా తిను పదోవంతు జనులకును, అత్యల్పముగా తిను పదోవంతునకును నడుమ పై పోటున భేదము 2 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండినది. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2012లో, దినమునకు 200 మి.గ్రా. కోకో ఫ్లేవనాలులు నాళముల సాగుదలను నిలుపుటకు తోడ్పడునని అంగీకరించినది. అమెరికా ప్రభుత్వ సంస్థ 2023లో, ఫ్లేవనాలులు అధికముగా నిలుపబడిన కోకో పొడికి మాత్రమే, అదియు సాక్ష్యము మిక్కిలి పరిమితమని చెప్పుచునే, గుండెకు మేలు చేయవచ్చునని వ్రాసికొన అనుమతించినది.

ఈ లెక్కలన్నిటి సారాంశము గ్రహించితిమా, మన ఆశకు తగిన కొలత దొరకును. 2 మిల్లీమీటర్ల తగ్గుదల ఒక్క మనుష్యునికి కంటికి ఆనదు. 160 పోటు గలవానిని అది కాపాడజాలదు. డాక్టరుగారు వ్రాసిన మాత్రకు అది ప్రత్యామ్నాయము కాదు. కాని ఖర్చు లేకయే, పారవేయుచున్నదానిని తినుటచేతనే, ఆ స్వల్పలాభము జీవితాంతము లభించు అవకాశమున్నప్పుడు దానిని త్రోసిపుచ్చుట వివేకము కాదు. అధికముగా ఆశించి నెలలోపల విసుగుచెందువానికంటె, కొంచెముగా ఆశించి చిరకాలము ఆచరించువాడే ఆరోగ్యమున ముందుండును.

మన ముంగిట నున్నవి

మొదట టీ సంగతి చూతము. మిరప కాయకోతల కాలమున, తెల్లవారకమునుపే కూలీలు ఆటోలెక్కి పోవుచు దారిలో టీ కొట్టు వద్ద ఆగుదురు. కొట్టులో పాలు, నీరు, పొడి, పంచదార కలిసి తెల్లవారుజాము నుండి మరిగిన టీ అది. అచ్చట నెవడైనను పాలు లేని టీ కావలెనన్నచో, కొట్టువాడు ఎగాదిగా చూచి, "ఏం బాబాయ్, ఒంట్లో నలతగా ఉందా?" అని పరామర్శించును. పాలు లేని టీ మన దృష్టిలో జ్వరపు పథ్యము. అయితే 2007లో బెర్లిన్ వైద్యులు పదునారుగురు స్త్రీలపై జరిపిన చిన్న పరీక్షలో, పాలు లేని టీ త్రాగిన పిమ్మట ధమని విప్పారు శక్తి పెరుగగా, వెన్న తీసిన పాలు పదోవంతు కలుపగానే ఆ ప్రయోజనము మాయమైనది. పాలలోని కేసీన్ అను మాంసకృత్తు కాటెకిన్లను పట్టివేయునని వారు కారణము చెప్పిరి. ఇతరుల పరీక్షలలో అంత భేదము కనబడలేదు గనుక దీనిని శాసనముగా గైకొననక్కరలేదు. కాని దినమునకు మూడుసార్లు త్రాగు టీలో ఒక్కదానినైనను పాలు లేక, పంచదార తగ్గించి, నిమ్మరసము పిండి త్రాగుటవలన పంచదార తగ్గుటయను లాభము మాత్రము నిశ్చయము. ఆకును నలిపి గాలికి మాగనిచ్చిన మామూలు టీపొడిలో కాటెకిన్లు చాలవరకు వేరు రూపములకు మారిపోవును. మాగనీయక వెంటనే వేడిచేసి ఆరబెట్టిన గ్రీన్ టీలో అవి అధికముగా నిలుచును.

టీ విషయమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకములలో చేసిన హెచ్చరికయు మరువరానిది: భోజనమునకు గంట ముందును, గంట తరువాతను టీ కాఫీలు త్రాగరాదు. ఏలయన, నాళములకు మేలుచేయునని మనము చెప్పుకొను ఈ వగరు పదార్థములే అన్నములోని ఇనుమును పట్టివేసి ఒంటికి అందనీయవు. రక్తహీనతతో బాధపడు స్త్రీలు మన ఇండ్లలో ఎందరో గలరు. కోతలకు పోవు తల్లి చద్దన్నముతోబాటే టీ త్రాగుట ఆమెకు నష్టము. ఆ గంట ఎడమే ఆమెకు ఔషధము.

వేరుశనగ సంగతి మరింత సులభము. ఊదివేయు ఆ ఎర్రని పొరలోనే ప్రోసయనిడిన్లు దండిగా నున్నవి. పొరతోనే తినుడు, పచ్చడి నూరునప్పుడు పొరతోనే నూరుడు. పచ్చడి రంగు కొంచెము మసకబారును, రుచిలో కొద్దిపాటి వగరు తగులును; వారము దినములలో నాలుక దానికి అలవడును. నూనెలో వేచి ఉప్పుకారము చల్లిన పొట్లము మాత్రము ఈ లాభమును ఉప్పుతో కడిగివేయును.

మూడవది పప్పుధాన్యములు. కంది, పెసర, అలసంద, ఉలవ మొదలగువాని ముదురురంగు పొట్టులో వగరు పదార్థము అధికము. మెట్ట చేలలో పండిన అలసందలను గుగ్గిళ్లు చేసికొనుట, పెసలను పొట్టుతోనే పెసరట్టు పోసికొనుట, ఉలవలను ఉడికించిన నీటినే మరిగించి ఉలవచారు కాచుకొనుట మన పూర్వుల ఆచారము. పొట్టులోని సారము కొంత నీటిలోనికి దిగును గనుక ఆ నీటిని పారబోయక చారుగా వాడుకొనుట ఎంతో తెలివైన పని. జల్లింపక దంచిన రాగిపిండికిని ఇదే న్యాయము. కాటెకిన్ జాతి పదార్థములు రాగిగింజ పైపొరలోనే యుండును.

నాల్గవది కోకో. ఇది పరదేశపు పంటయని తలపవలదు. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతముల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా కోకో విస్తారముగా పండుచున్నది. భారతదేశమున కోకో సాగునకు మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ముందున్నది. అచ్చటి రైతు కాయను పగులగొట్టి, తెల్లని గుజ్జుతో నున్న గింజలను గుట్టపోసి కప్పి కొన్ని దినములు పులియబెట్టి, పిమ్మట ఎండబెట్టును. పచ్చిగింజ కోసి చూచిన ఊదారంగున నుండి, నోట పెట్టుకొన్న నాలుక పీకునంత వగరుగా నుండును. పులిసినకొద్ది, వేగినకొద్ది ఆ వగరును, దానితో ఫ్లేవనాలులును తగ్గుచుండును. రంగు నల్లబడుటకును, రుచి మెత్తబడుటకును కర్మాగారమున క్షారము కలిపినచో మిగిలినదియు చాలవరకు నశించును. కావున అంగడిలోని పాల చాకొలెట్టు ఫ్లేవనాలుల పేర పంచదారను, కొవ్వును అమ్మునదే యగును. కోకో కొనదలచినవారు క్షారము కలుపని, తీపి లేని పొడిని చూచి కొనవలెను, చెంచాడు చాలును.

ఇచ్చట నొక చిన్న మెలకువ కలదు. అరటిపండు కోసి యుంచిన నల్లబడును గదా. అట్లు నల్లబరచు ఎంజైము ఫ్లేవనాలులను గూడ చెరచును. 2023లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయమువారి పరీక్షలో, అరటిపండుతో కలిపి మిక్సీ పట్టిన పానీయము త్రాగినవారి రక్తమున ఫ్లేవనాలులు, మాత్రగా తీసికొన్నవారి కంటె 84 శాతము తక్కువగా చేరినవి. అరటిపండు మంచిదే; దానిని కోకోతోను, ద్రాక్షతోను కలిపి రుబ్బక వేరొక వేళ తినుడు.

వగరు పేర వచ్చు ప్రమాదములు

చదువరి ఇంతవరకు వచ్చి, వగరున్న దంతయు అమృతమని నమ్మినచో నా ప్రయత్నము వ్యర్థమగును. కాటెకిన్‌కు ఆ పేరు వచ్చినది తాంబూలములోని కాచు నుండియే. చండ్ర చెట్టు చేవను కాచి తీసిన సారమది. వక్కలో సైతము ఫ్లేవనాలులు దండిగా నున్నవి. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము, పొగాకు కలిసినను కలియకున్నను వక్క క్యాన్సరు కారకమని 2004లోనే నిర్ధారించినది. దవడలు బిగుసుకొని నోరు తెరువరాని స్థితి వక్కపొడి, గుట్కాలు నమలువారిలో వైద్యులు నిత్యము చూచుచున్నదే. ఒక పదార్థమున మేలైన అణువొకటి యున్నంత మాత్రమున పదార్థమంతయు మేలైనది కాజాలదు.

మాత్రల రూపమున అమ్ము గ్రీన్ టీ సారముల జోలికి పోవలదు. అందలి ముఖ్య కాటెకిన్ దినమునకు 800 మి.గ్రా. గాని అంతకు మించి గాని తీసికొన్నచో కాలేయమునకు హాని కలుగు సూచనలున్నవని ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2018లో హెచ్చరించినది. కప్పుతో త్రాగువానికి ఈ భయము లేదు. మూత్రపిండముల జబ్బు గలవారు, రాళ్లు గలవారు టీ, కోకో, పప్పుధాన్యములను పెంచుటకు ముందు డాక్టరు నడిగి తీరవలెను. ఎన్టీఆర్ జిల్లాలోని ఎ.కొండూరు తండాలలో మూత్రపిండముల వ్యాధి చేసిన చేటు మనకు తెలిసినదే. అతిగా వగరు తినిన నోరు ఎండునని, కడుపు ఉబ్బునని చరకుడు ఏనాడో చెప్పియున్నాడు. మలబద్ధముగల వృద్ధులకు ఆ మాట నేటికిని వర్తించును.

ఆచరణ

రుచి యనునది పుట్టుకతో వచ్చిన శాసనము కాదు, శిక్షణకు లొంగు స్వభావము. కాఫీ చేదును మొదటినాడు ఎవడును మెచ్చడు. నెల దినములలో అది లేక ప్రొద్దు పొడువదు. వగరును గూడ ఆ రీతినే చేరదీయవలెను. దానికి నాలుగు నియమములు చాలును.

ఒకటి: చేర్చుట కాదు, మార్చుట. తినుచున్న దానిపై మరికొంత తినుట ఆరోగ్యము కాదు. సాయంకాలపు మిర్చి బజ్జీకి బదులు పొరతోనున్న వేరుశనగ గుళ్లు పిడికెడు. తెల్లని పప్పునకు బదులు వారమున రెండు దినములు పొట్టు పప్పు. పండ్లరసమునకు బదులు బాగుగా కడిగి తొక్కతో కొరికిన జామ, ద్రాక్ష, ఆపిల్.

రెండు: ఒక్క మాసమునకు ఒక్క మార్పు. ఉత్సాహముతో ఒక్కనాడే అన్నింటిని మార్చిన ఇంట ఇంటిల్లిపాదియు మొగములు ముడుచుకొని, పదునైదు దినములలో పాతదారి పట్టుదురు. మొదటి నెల టీ. రెండవ నెల వేరుశనగ. మూడవ నెల పప్పు. వంట చేయువారు ఇల్లాలైనచో మార్పును ఆమెతో కలిసి నిర్ణయింపవలెనే కాని ఆమెకు ఆజ్ఞగా వినిపింపరాదు.

మూడు: పునాదిని మరచి శిఖరమును అలంకరింపరాదు. దినమునకు అయిదు గ్రాములకు మించి ఉప్పు వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, ఆవకాయ అన్నము, అప్పడము, మజ్జిగలో మరింత ఉప్పుతో కూడిన భోజనమునకు గ్రీన్ టీ ప్రాయశ్చిత్తము కాజాలదు. చుట్ట కాల్చువాడు చుట్ట మానుట, కదలనివాడు చెరువుకట్ట వెంబడి అరగంట నడచుట, రాత్రి సకాలమున నిద్రించుట, ఇవి ఎండోథీలియమునకు ఫ్లేవనాలుల కంటె ఎన్నో రెట్లు పెద్ద మేలులు.

నాలుగు: వైద్యుని మాత్రను వంటింటి నమ్మకముతో మానరాదు. పోటు తగ్గినది మాత్రవలననే. మానినచో మరల పెరుగును. వంటిల్లు వైద్యునకు తోడు నిలువవలెనే కాని పోటీ నిలువరాదు.

చదువరీ! ఈ పుస్తకము మూయుటకు ముందు రెండు పనులు నిశ్చయించుకొనుము. ముప్పది ఏండ్లు దాటి, గడచిన సంవత్సరములో ఒక్కసారియు బీపీ చూపించుకొనని వాడవైనచో, ఈ వారములోనే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి చూపించుకొనుము; అచ్చట దానికి రుసుము లేదు. రేపు ఉదయమున టీ కొట్టులో, కొట్టువాడు ఎంత ఎగాదిగా చూచినను, పాలు లేని టీ నొకటి అడుగుము.